లైటు వచ్చిందంటే మనిషి వచ్చినట్టే

సుమలత చేసే పని ఏమిటో ఆమె అత్త లచ్చమ్మకు ఇప్పటికీ అంతు పట్టలేదు. జనగామలో వాళ్లు అద్దెకుండే ఇంటి చుట్టుపక్కల ఎవరైనా అడిగితే, "కంప్యూటర్ల పని. ఏం జేస్తదంటే, ఏం గాకుండ సూస్తది" అంటుంది. విన్నవాళ్లు నవ్వుతారు. నిజానికి అంతకంటే సరిగ్గా చెప్పినవాళ్లు ఇంతవరకు లేరు.

ఆఫీసు స్టేషన్ రోడ్డులో, ఎరువుల దుకాణం పైన ఉన్న రెండు గదులు. యజమాని శ్యాం సుమలత కంటే చిన్నవాడు, "అక్కా" అని పిలుస్తాడు. పత్తి మిల్లుల కాటాలకు, మానుకోట మిర్చి గోదాములకు, భూపాలపల్లి అవతల ఒక చిన్న బొగ్గు గనికి వాళ్లు సాఫ్ట్‌వేర్ పెట్టి నడిపిస్తారు. పెట్టేది శ్యాం. పెట్టి చేతులు దులుపుకునేదీ అతనే. ఆ తర్వాత ఏళ్ల తరబడి దాన్ని నడిపించేది సుమలత.

చూసేవాళ్లకు ఒకే సాఫ్ట్‌వేర్ అనిపిస్తుంది గానీ లోపల అది ఒకటి కాదు. గనిదే తీసుకుంటే, కార్డు చదివేది ఒకటి, గనిలోకి దిగేవాళ్ల టోపీ లైట్లను లెక్కపెట్టేది ఒకటి, హాజరు రాసుకునేది ఒకటి, గోడ మీద బోర్డు చూపించేది ఒకటి. ఒక్కోటి ఒక్కో కంపెనీ తయారుచేసింది. నాలుగు ఊళ్ల నుంచి ఒకే ఇంటికి వచ్చిన తోడికోడళ్ల వ్యవహారం. వాటిలో ఏదో ఒకదానికి ఏడాదిలో ఒకటి రెండుసార్లు కొత్త వెర్షన్ వస్తుంది. అది కొత్త మర్యాదలు నేర్చుకొని వస్తుంది. పక్కది అలుగుతుంది. నిన్నటిదాకా అర్థమైన మాట ఇవాళ అర్థం కావడం లేదంటుంది. ఏ వెర్షన్ పక్కన ఏ వెర్షన్ ఉంటే కాపురం సాగుతుందో పట్టుకోవడం, ఎట్లా చేసినా పొసగని చోట రెండింటి మధ్య తానే ఓ చిన్న అతుకు రాసి పెట్టడం సుమలత ఉద్యోగం. పని బాగా జరిగిన రోజు ఎవరికీ ఆమె గుర్తురాదు. అది ఆమెకు నచ్చేది కూడా.

ఇంట్లో ఉండేది అత్తా కోడలూ ఇద్దరే. సుమలత భర్త సంపత్ చనిపోయి రెండేళ్లు దాటింది.

సంపత్‌ది బయ్యారం దగ్గర పల్లె. భూపాలపల్లి అవతలి ఆ గనిలోనే పనిచేసేవాడు. వారమంతా అక్కడే ఇంకో ఇద్దరితో గది తీసుకొని ఉండి, వారం సెలవుకు ముందు రోజు మొదటి షిఫ్టు దిగగానే బస్సు పట్టుకొని, హన్మకొండలో మారి, చీకటి పడేసరికి జనగామ చేరేవాడు. వస్తూనే "ఏమున్నది తినెతందుకు?" అనేవాడు. ఉన్నదేదో ముందే తెలుసు. అయినా అడగాలి. గనికి సాఫ్ట్‌వేర్ పెట్టే పని శ్యాంకు రావడానికి కారణం కూడా సంపతే. "మా ఇంటామె ఇసొంటియే జేస్తది" అని పైవాళ్లకు తానే చెప్పాడు. చెప్పి, దానికి బదులుగా భార్యను ఏడాది పాటు వేధించాడు, "నీ కొలువు నేనే ఇప్పిచ్చిన, యాదికుంచుకో" అని.

రెండేళ్ల కిందటి ఆ శనివారం అతను రాలేదు.

ఫోను ఎత్తలేదు. అందులో వింతేమీ లేదు, గనిలోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు, గదిలోనే పెట్టి పోతాడు. ఓవర్‌టైం పడిందేమో అనుకుంది. ఆఫీసు కంప్యూటర్ ఇంట్లోనే ఉంది కనుక తెరిచి గని బోర్డు చూసింది. జనగామలో కూర్చొని కూడా ఆ బోర్డు చూడగలదు, అది ఆమె పనిలో భాగం. లోపలున్నవాళ్ల పేర్లు ఎర్రగా, బయటికొచ్చినవాళ్లవి పచ్చగా ఉంటాయి. సంపత్ పేరు పచ్చగా ఉంది. బయటికైతే వచ్చాడన్నమాట, దోస్తులతో ఎక్కడో కూర్చున్నాడు, బస్సు తప్పిపోయింది, ఆ సంగతి చెప్పాలని కూడా తోచలేదు. ఒళ్లు మండింది. కూర మీద మూత పెట్టి పడుకుంది. నిద్ర కూడా బాగానే పట్టింది.

పొద్దున గని నుంచి ఫోన్ వచ్చింది. టిఫిన్ డబ్బా మరిచిపోయి మళ్లీ లోపలికి పోయాడట. మనుషులు కూర్చొని తినే చోటు ఒక పక్కదారిలో ఉంటుంది. అక్కడ పైకప్పు రాయి జారి నడుము మీద పడింది. రెండో షిఫ్టు వాళ్లు ఆ దారిలోకి పోలేదు. పొద్దున పోయినవాళ్లు చూశారు. దవాఖానలో డాక్టరు ఆమెతో మెల్లిగానే చెప్పాడు, ప్రాణం తెల్లవారుజామున పోయి ఉంటుందని. అంటే సాయంత్రం నుంచి అక్కడ పడి ఉన్నాడు. విచారణ జరిగింది. షిఫ్టు ముగిసింది, లైటు తిరిగి ఇచ్చాడు, తర్వాత తన ఇష్టం కొద్దీ లోపలికి పోయాడు, కాబట్టి ఎవరి తప్పూ లేదు అని తేలింది. సుమలత తల ఊపింది. బోర్డు కూడా అదే చెప్పింది కదా, ఒకసారి బయటికొచ్చాడు. బోర్డు అబద్ధం చెప్పలేదు. ఆ ఒక్క ముక్క పట్టుకొని ఆమె ఇంటికి వచ్చింది.

ఏడవలేదు. శవం బయ్యారం దగ్గరి పల్లెకు చేరినప్పుడూ లేదు, పదకొండో రోజునా లేదు. పన్నెండో రోజు ఆఫీసుకు పోయి కూర్చుంది. మానుకోట గోదాములో చీటీలు రావడం లేదని ఫోన్ వస్తే సాయంత్రంలోగా సరిచేసి పెట్టింది. వాడకట్టులో రకరకాలుగా అనుకున్నారు. ఆమెది రాతి గుండె అన్నారు కొందరు. ఆ అన్నవాళ్లలో ఒక్కరు కూడా వచ్చి ఒక పూట ఆమె పక్కన కూర్చున్న పాపాన పోలేదు. రాయి కాదు, ఏమీ కాదు. పొద్దస్తమానం ఒకే పక్కకు ఒరిగి పడుకుంటే చెయ్యి తిమ్మిరెక్కి మనది కానట్టు ఉంటుంది చూడండి, ఆమెకు మనిషంతా అట్లా అయింది. గిల్లితే తెలుస్తుంది, నొప్పి పుట్టదు.

లచ్చమ్మకు దాంతో భయం పట్టుకుంది. కొడుకు పోయిన దుఃఖం ఒక ఎత్తు, ఈ కోడలి మొహం చూడటం ఒక ఎత్తు. ఒకరోజు కావాలనే పప్పులో ఉప్పు వేయకుండా పెట్టింది. సుమలత తిని చెయ్యి కడుక్కుంది.

"ఉప్పు లేదని తెల్వలేదా బిడ్డా?"

"లేదా అత్తా? సూడలే."

"నాతోని కొట్లాడు. మొత్తుకో. కంచం ఇసిరికొట్టు. ఏదో ఒకటి జెయ్యి."

"రేపు ఎయ్యిగని" అని సుమలత కంచాలు తీసుకొని దొడ్డి వైపు పోయింది.

రెండేళ్లు ఆమె గని సాఫ్ట్‌వేర్‌ను తాకలేదు. అన్నిటికీ కొత్త వెర్షన్లు ఎక్కిస్తూనే ఉంది, గనివి మాత్రం ఉన్నవాటిని ఉన్నచోటే కట్టేసి పెట్టింది, కొత్తది వచ్చినా దానంతటది ఎక్కకుండా. శ్యాం అర్థం చేసుకున్నాననుకొని ఊరుకున్నాడు. అతను అనుకున్నంత కథేమీ లేదు. దాన్ని తెరిస్తే ఆ పేర్లన్నీ చూడాలి. చూడబుద్ధి కాలేదు, అంతే.

కానీ ఈ పనిలో ఒకదాన్ని ఎంతకాలమని కట్టేసి ఉంచగలం? ఈ వానాకాలం ముగిసేసరికి కార్డు కంపెనీ పాత వెర్షన్‌ను ఇక చూసుకునేది లేదని చెప్పేసింది. కార్డుది మార్చాలంటే హాజరుది మార్చాలి. హాజరుది మారితే బోర్డు అలుగుతుంది. మొత్తం నాలుగూ కదలాలి. సుమలత ఆఫీసులో ఒక కంప్యూటర్ మీద గని నకలు కట్టుకొని, పాత రోజుల హాజరు అందులో పోసి, ఒక్కోదాన్నే మారుస్తూ చూసింది. కార్డుది ఎక్కించింది, హాజరుది పడుకుంది. హాజరుది లేపింది, లైట్ల లెక్క తప్పింది. మూడో వారానికి నాలుగూ ఒక్క మాట మీదకు వచ్చాయి.

ఈ సర్దుబాట్లలో ఆమె పాత అతుకు ఒకటి ఎదురైంది. గనిలో మొదటిసారి ఇదంతా పెట్టినప్పుడు, బయటికొచ్చే దారిలో పెట్టిన కార్డు మిషను వెర్షనూ హాజరు వెర్షనూ ఎంత చేసినా కలవలేదు. లోపలికి పోయేటప్పుడు కార్డు పనిచేసేది, వచ్చేటప్పుడు చేసేది కాదు. గనివాళ్లు తొందర పెట్టారు. శ్యాం తొందర పెట్టాడు. అప్పుడు సుమలత ఒక్క వరుస రాసింది. లైటు రూములో లైటు జమ అయితే ఆ మనిషి బయటికొచ్చినట్టు రాసుకో, అని. చీకటి బొరియలోంచి టోపీ లైటు లేకుండా ఎవడూ రాడు కదా. లైటు వచ్చిందంటే మనిషి వచ్చినట్టే. అప్పట్లో ఆ ఉపాయానికి శ్యాం మిరపకాయ బజ్జీలు తెప్పించాడు. కొత్త వెర్షన్లలో ఆ అవసరం లేదు, వచ్చేటప్పుడు కూడా ఎవరి కార్డు వారు ఆనిస్తే చాలు. అతుకు తీసేసింది. తీసేటప్పుడు చక్కగా ఉందనుకుంది, గోడకున్న అక్కరలేని మేకు పీకినట్టు.

కొత్తది ఎక్కించిన మొదటి రోజే గని లైటు రూము నుంచి కుమారస్వామి ఫోన్ చేశాడు. లైట్లు ఇచ్చిపుచ్చుకునే పెద్దమనిషి అతను.

"అమ్మా, మీ బోర్డు ఆరుగురిని లోపల్నే ఉంచింది. షిఫ్టు అయిపోయి గంటాయె. సైరన్ గూడ మోగింది. మనుషులను తోలి లోపలంత దేవులాడిపిచ్చినం. ఎవ్వలు లేరు. ఆ ఆరుగురు ఇండ్లకు పోయి చాయ్ తాగుతున్నరు."

"కార్డు పెట్టకుండ పోయిండ్రేమో కాకా."

"ఏమో తల్లీ. పాతది మంచిగుండె. నువ్వు జరంత ఒచ్చి సూస్తే అయితది."

రెండో రోజూ అదే ఆరుగురు. మూడో రోజూ వాళ్లే. వెతకడానికి లోపలికి పోయినవాళ్లు తిట్టుకుంటూ వచ్చారు. శ్యాంకు తల ప్రాణం తోకకొచ్చింది. కాంట్రాక్టు పోతుందని భయం. తాను పోతానన్నాడు గానీ, పోయి ఏం చేయాలో అతనికి తెలియదు. అక్కను పొమ్మనడానికి నోరు రాలేదు. సుమలతే సంచీ సర్దుకుంది. "పోయొస్త" అంది, బజారుకు పోయొచ్చినట్టు.

ఆమె ఆ గనిని ఎన్నడూ చూడలేదు. మొదట పెట్టినప్పుడు శ్యాం పోయాడు. సంపత్ పోయినప్పుడు శవం దవాఖాన నుంచి నేరుగా పల్లెకు వెళ్లింది. తొలి బస్సుకు జనగామలో ఎక్కి, హన్మకొండలో మారి, పరకాల దాటి భూపాలపల్లిలో దిగి, ఆటోలో గని గేటు ముందుకు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. దారి పొడుగునా ఇది అతను ప్రతివారం వచ్చిపోయిన దారి అని అనుకుంటూనే ఉంది. అనుకుంటే ఏమైనా అవుతుందేమోనని చూసింది. ఏమీ కాలేదు. పరకాల బస్టాండులో చాయ్ వేడిగా ఉందని మాత్రం తెలిసింది.

కుమారస్వామి ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. సంపత్ భార్య అని అతనికి తెలుసు. కూర్చోమని స్టూలు తుడిచి వేశాడు. లైటు రూము అంటే రేకుల కింద పొడుగాటి గది. గోడ నిండా అరలు, ఒక్కో అరలో ఒక్కో నెంబరు లైటు, చార్జింగు చుక్క వెలుగుతూ. ముందు ఇనుప కిటికీ. పక్కన గోడ మీద బోర్డు. ఇన్నేళ్లూ కంప్యూటర్‌లో చూసిన బోర్డు ఇంత పెద్దదని ఆమెకు తెలియదు. సుమలత స్టూలు కిటికీ పక్కకు జరుపుకొని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకొని, మొదటి షిఫ్టు దిగేదాకా కూర్చుంది.

షిఫ్టు దిగే కూత వినపడింది. ఎవరూ రాకముందే, అందరికంటే ముందుగా, నడివయసు మనిషి ఒకడు గని నోటి వైపు నుంచి పరుగులాంటి నడకతో వచ్చాడు. రెండు భుజాల మీదా లైట్లు వేలాడుతున్నాయి. ఒకటి కాదు, ఏడు. కిటికీలోంచి ఒక్కోటే లోపలికి అందించాడు. కుమారస్వామి మిషను మీద ఒక్కోటే ఆనించి అరలో పెట్టాడు. తన కార్డు ఒక్కటి ఆనించి ఆ మనిషి గేటు వైపు తిరిగాడు.

"కాకా" అంది సుమలత. "గీ అన్న ఏడు లైట్లు ఇచ్చిండేంది?"

"దేవ్యా గాడు. తండ బస్సోళ్ల లైట్లు. షిఫ్టు దిగంగనే ఒక బస్సున్నది, తండ మీదికెల్లి పరకాల దాక పోతది. ఈడ లైన్ల నిలవడితే అది దొరకదు. ఇంకోటి పొద్దుగూకినంక గని లేదు. అందుకని ఆ బస్సెక్కేటోళ్లు లోపల మలుపు కాడ, కరెంటు బుగ్గల ఎలుగు మొదలైతది గదా, ఆడనే దేవ్యా చేతికి లైట్లిస్తరు. వాని కాళ్లు జోరు గదా, వాడు ముందుగాల్నే ఉరికొచ్చి లైన్ల ఫస్టు నిలవడతడు. ఎనుక ఆళ్లు నిమ్మలంగ ఒచ్చి, లైన్ల నిలవడకుండ అవుతల చిన్న గేటుకెల్లి బస్సుకాడికి పోతరు." అతను నవ్వాడు. "ఎప్పటిదో పద్ధతి తల్లీ ఇది. బస్సు పడ్డకాడ్నుంచి ఉన్నది."

సుమలత బోర్డు వైపు చూసింది. ఏడు లైట్లూ అరల్లో ఉన్నాయి. ఆరు పేర్లు ఎర్రగా ఉన్నాయి. ఆ ఆరుగురూ ఇంకా గని నోటి దాకా కూడా రాలేదు. కొత్త బోర్డు చెబుతున్నది అక్షరాలా నిజం.

పాతది అయితే ఈపాటికి ఏడూ పచ్చగా ఉండేవి.

ఆమె అట్లాగే చూస్తూ కూర్చుంది. పరకాల దాకా పోయే బస్సు. శనివారం. హన్మకొండలో మారాలి. సంపత్ కూడా మలుపు దగ్గర లైటు ఇచ్చాడు. అప్పుడు డబ్బా గుర్తొచ్చింది. లైటు ముందుకు పోయింది, తాను వెనక్కి పోయాడు, తెలిసిన దారే కదా, రెండు నిమిషాల పని కదా అని. అతను గని నోటి దాకా రానేలేదు. బయటికొచ్చి మళ్లీ లోపలికి పోవడమన్నది జరగనేలేదు. అతను రాయి కింద పడి ఉంటే గోడ మీద అతని పేరు పచ్చగా వెలిగింది. షిఫ్టు పెద్దలు బోర్డు చూసి అందరూ వచ్చారనుకున్నారు. జనగామలో భార్య బోర్డు చూసి తిట్టుకొని పడుకుంది. అది పచ్చగా వెలగాలని రాసిపెట్టింది కూడా ఆ భార్యే.

ఒళ్లోని ల్యాప్‌టాప్ జారబోతే పట్టుకుంది. ఏడుపు వస్తుందేమో అనుకుంది. రాలేదు. నీళ్లు కావాలని అడిగింది, కుమారస్వామి ఇచ్చిన నీళ్లు తాగింది. గొంతు దిగిన నీళ్లు ఎక్కడికి పోయాయో తెలియలేదు.

శ్యాం ఫోన్ చేశాడు. సంగతి విని పెద్దగా ఊపిరి వదిలాడు.

"ఓస్, గింతేనా? నీ పాత అతుకు ఉన్నది గదక్కా. లైటొస్తే మనిషొచ్చినట్టు. అదే కొత్త వెర్షన్ మీద పెట్టేయ్. ఐదు నిమిషాల పని. సైరన్ మోగదు, ఆళ్ల బస్సు ఆళ్లకు దొరుకుతది, అందరు ఖుష్."

అది నిజంగా ఐదు నిమిషాల పనే. అతుకు ఆమె దగ్గరే ఉంది. రెండింటిని కలపడం, ఎవరికీ నొప్పి లేకుండా సర్దడం, బోర్డు పచ్చగా ఉంచడం, ఇన్నేళ్లూ చేసింది అదే. వేళ్లు వాటంతటవే ఆ ఫైలు దాకా పోయి తెరిచాయి. ఆ వరుస కనిపించింది. పైన ఆమె రాసుకున్న గుర్తు కూడా ఉంది, లైటు జమ అయితే మనిషి బయట, అని.

"అక్కా, ఇనవడుతుందా?"

"పెట్ట" అంది సుమలత.

"ఏంది?"

"నేను పెట్ట శ్యాం. నువ్వు గూడ పెట్టకు." అవతల అతను ఇంకా ఏదో అంటుండగానే ఫోన్ పక్కన పెట్టింది.

గేటు బయట బస్సు హారన్ కొట్టింది. ఆరుగురూ చిన్న గేటు దాటుతున్నారు. కుమారస్వామిని పంపి వాళ్లను వెనక్కి పిలిపించింది. "ఒక్కొక్కలు ఒచ్చి కార్డు పెట్టకుంటే మల్ల సైరన్ మోగుతది, నా చేతుల లేదు అని చెప్పు కాకా" అంది. ఆమె చేతుల్లోనే ఉంది. ఆ అబద్ధం ఆమెకు ఏమీ అనిపించలేదు. వాళ్లు సణుగుతూ వచ్చి కిటికీ ముందు నిలబడ్డారు. ముందు నిలబడినవాడు దేవ్యా, తన కార్డు ఎప్పుడో ఆనించినా అందరి తరఫునా మాట్లాడటానికి వచ్చాడు. లోపల ఉన్నది ఎవరో చూడగానే ఒక అడుగు వెనక్కి వేశాడు. పల్లెకు శవంతో పాటు వచ్చినవాళ్లలో అతనూ ఒకడు.

సుమలత లేచి కిటికీ దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఆ దినం సంపత్ లైటు గూడ నువ్వే ఇచ్చినవా?"

దేవ్యా కుమారస్వామి వైపు చూశాడు. కుమారస్వామి అరల వైపు తిరిగి, సర్దిన లైట్లనే మళ్లీ సర్దడం మొదలుపెట్టాడు.

"నేనే ఇచ్చినమ్మా" అన్నాడు దేవ్యా చివరికి. "డబ్బ మర్శిన, నువ్వు నడువు, బస్సు జరంత ఆపు, ఇగో ఒస్త అన్నడు. ఆపిన. డ్రైవర్ తిట్టిండు. ఎనుక డోరుకెల్లి ఎక్కిండేమో అనుకున్న. మస్తు మంది ఉండిరి బస్సుల." కిటికీ ఊచ పట్టుకున్నాడు. "విచారణల లైటు ఇచ్చిండా అని అడిగిండ్రు. ఇచ్చిండు అన్నం. ఎవలు ఇచ్చిండ్రు అని ఎవ్వలు అడగలే. మేం జెప్పలే. జెప్తే పద్ధతి బందువెడతరని..."

సుమలత వాళ్లను తిట్టవచ్చు. తిట్టే హక్కు ఉందని వాళ్లకూ తెలుసు, తిడితే బాగుండుననే నిలబడ్డారు. ఆమెకు తిట్లు దొరకలేదు.

"నేను గూడ ఆ రాత్రి బోర్డు సూసిన అన్నా" అంది. "బయట ఉన్నడనే ఉండె. లైటొస్తే మనిషొచ్చినట్టు అని రాసింది నేనే. నీ కాళ్లు జోరు, నా చేతులు జోరు. మన ఇద్దరం కలిసి లోపలున్న ఆయనను బోర్డు మీద బయట ఏసినం."

దేవ్యా తలపాగా గుడ్డ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఆమె చూస్తూ ఉంది. అతనికి ఎట్లా వస్తున్నదో, తనకు ఎందుకు రాదో తెలియలేదు. ఆ క్షణాన ఆ మనిషి మీద ఆమెకు కలిగింది కోపం కాదు, అసూయ.

బస్సు మళ్లీ హారన్ కొట్టింది, ఈసారి ఆపకుండా. వెనక ఉన్నవాళ్లు కదిలారు. ఒకతను గొంతు తగ్గించి, "దేవ్యన్నా, బస్సు" అన్నాడు. దేవ్యా కళ్లు తుడుచుకున్నాడు. బతకాల్సిన మనుషులు, పొద్దున మళ్లీ చీకట్లోకి దిగాల్సినవాళ్లు, వాళ్లకు ఆ బస్సు చిన్న సంగతి కాదు. ఆమెకు ఆ సంగతి తెలుసు.

"అమ్మా, నువ్వు అన్నది నిజమే. రేపటిసంది ఎవల లైటు ఆళ్లే ఇస్తరు, నా బిడ్డల మీద ఒట్టు. ఇయ్యాలకు ఇడువు. ఆ బస్సు పోతే పొద్దుగూకినంక గని ఇంటికి పోం."

సుమలత కార్డు మిషనును కిటికీ అంచుకు, వాళ్ల చెయ్యి అందేలా జరిపింది.

"పొద్దువోయినా పోతరు గదా అన్నా" అంది.

మొదటి మనిషి ముందుకు వచ్చి కార్డు ఆనించాడు. గేటు అవతల బస్సు కదిలి పోయిన చప్పుడు వినిపించింది. సుమలత బోర్డు వైపు చూడలేదు. కిటికీ ముందుకు వచ్చిన ఒక్కొక్కరి మొహం చూసి, పేరు పెట్టి పిలిచి, అతను తలెత్తి "ఉన్న" అన్నాకే తర్వాతి మనిషిని రానిచ్చింది.